నీటిమట్టం మారే లెవెల్స్: మీరు ఎక్కడ ఇరుక్కున్నారు, ఎలా బయటపడ్డారు?

చెరువుగట్టు
అందరికీ నమస్కారం. ఏడాదిగా సాయంత్రాలు కూర్చుని ఒక చిన్న టూడీ ప్లాట్‌ఫామర్ (గెంతుతూ, ఎక్కుతూ ముందుకు సాగే ఆట) చేసుకుంటున్నాను. అందులో ఐదో లెవెల్ ఒక పాత నీళ్ళ బురుజు. లోపల మూడు చక్రాలు ఉంటాయి. ఏ చక్రం తిప్పితే నీళ్ళు ఆ చక్రం ఎత్తుకి వచ్చి ఆగుతాయి. (ముందే ఒక మాట: నేను లెవెల్ అంటే ఆటలో దశ అని. నీళ్ళ ఎత్తుని మట్టం అంటాను. లేకపోతే రెండూ కలిసిపోతాయి.)

నలుగురు స్నేహితులకి ఇచ్చి ఆడించాను. మొదటి నాలుగు లెవెల్స్ ఇష్టంగా ఆడారు. బురుజులోకి వచ్చాక నలుగురూ పావుగంటలో పక్కన పెట్టేశారు. కష్టంగా ఉందనీ, చచ్చిపోతున్నామనీ ఎవరూ అనలేదు. "ఇప్పుడేం చెయ్యాలో తెలియట్లేదు" అన్నారు. ఈ లెవెల్ మీద నాకు చాలా ప్రేమ, అందుకే తీసెయ్యడానికి మనసు రావట్లేదు.

నీళ్ళు ఎక్కే, దిగే లెవెల్స్ మీరు ఆడినవాటిలో ఏవి గుర్తున్నాయి? ఎక్కడ ఆగిపోయారు? ఎప్పుడు "ఓహో" అనిపించింది?

పాతకన్సోల్
ఈ మాట ఎత్తగానే నాకు గుర్తొచ్చేది ఒక్కటే: సూపర్ మారియో 64లో వెట్-డ్రై వరల్డ్. 1996 ఆట. కోటలో రెండో అంతస్తులో ఉన్న ఒక పెయింటింగ్‌లోంచి లోపలికి దూకాలి. లోపల స్ఫటికం లాంటి స్విచ్‌లు వేరువేరు ఎత్తుల్లో తేలుతూ ఉంటాయి. దేన్ని తాకితే నీళ్ళు దాని దగ్గరకి వస్తాయి. మీ చక్రాల పద్ధతి అదే.

కానీ నన్ను నెలల తరబడి ఆపింది స్ఫటికాలు కాదు, ఆ పెయింటింగే. నేను చిన్నప్పుడు ఎప్పుడూ కింది నుంచి మామూలుగా దూకేవాణ్ణి. లోపల అడుగున కొంచెం నీళ్ళు ఉండేవి. ఒక మూల ఎత్తైన బోను, దాని వెనక సొరంగం ఉందని కెమెరా తిప్పితే కనిపించేది. అక్కడికి ఎలా పోవాలో అర్థమయ్యేది కాదు. ఒకరోజు తొందరలో కాస్త పైకి ఎగిరి పెయింటింగ్ పైభాగంలో దూకేశాను. లోపలికి వెళ్ళి చూస్తే లెవెల్ మొత్తం నిండా నీళ్ళు! అప్పుడు తెలిసింది, పెయింటింగ్‌ని ఏ ఎత్తులో తాకితే లోపల నీళ్ళు ఆ ప్రకారం ఉంటాయని. ఈదుకుంటూ బోను పైగా వెళ్ళి, మునిగి, సొరంగంలోంచి అవతలికి పోతే అక్కడ మనుషులెవరూ లేని ఒక ఊరు. ఎర్ర నాణేలన్నీ అక్కడే.

ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. కొత్త శక్తి ఏదీ రాలేదు, కొత్త తలుపు ఏదీ తెరుచుకోలేదు. రోజూ తిరిగిన చోటే, నీళ్ళు మారేసరికి ఇంకో చోటైంది.

నీలిపరుగు
నాది సోనిక్ బాల్యం. 1991 సోనిక్‌లో ల్యాబరింత్ జోన్ అంటే ఇప్పటికీ గుండె దడ. నీళ్ళలో ఊపిరి అయిపోవస్తుంటే ఆ సంగీతం మొదలవుతుంది, తల మీద 5, 4, 3 అని అంకెలు లేస్తాయి, మనం గాలిబుడగ ఎప్పుడొస్తుందా అని నేల పగుళ్ళ దగ్గర నిలబడి చూస్తుంటాం. మూడో యాక్ట్ (జోన్‌లో మూడో భాగం) చివర నిలువు గొట్టంలో పైకి ఎక్కుతుంటే కింది నుంచి నీళ్ళు తరుముకొస్తాయి. సోనిక్ 2లో కెమికల్ ప్లాంట్ రెండో యాక్ట్ కూడా అంతే. ఊదారంగు ద్రవం ఎక్కుతూ ఉంటుంది, కదిలే దిమ్మెల మీద తప్పటడుగు వేస్తే మళ్ళీ అడుగుకే.

అందుకే నన్నడిగితే ఈ లెవెల్స్‌ని రెండు రకాలుగా చూడాలి. ఒకదాంట్లో నీళ్ళు గడియారం, మనల్ని తొందరపెడతాయి. ఇంకోదాంట్లో నీళ్ళు తాళంచెవి, మనమే తిప్పుతాం. డాంకీ కాంగ్ కంట్రీ 2లో స్లైమ్ క్లైంబ్ మొదటి రకమే: ఓడ తెరచాప కర్రలు పట్టుకుని ఎక్కుతుంటే కింద ఎక్కి వస్తున్న నీళ్ళలో కోరల చేప కాచుకుని ఉంటుంది. అక్కడ "ఏం చెయ్యాలి" అనే ప్రశ్న రానే రాదు. పైకి, అంతే. మీది రెండోది. రెండో రకంలోనే జనం ఇరుక్కుంటారు.

ఇంకో సంగతి, అడగకపోయినా చెప్తాను ఎందుకంటే నాకు ఇది మహా ఇష్టం. ఆ సోనిక్ ఆటలు నడిచిన మెగా డ్రైవ్ కన్సోల్‌లో ఆ నీళ్ళు వేరే పొరగా గీసినవి కావు. తెర మీద బొమ్మ గీత తర్వాత గీతగా పై నుంచి కిందకి పడుతుంటే, నీటి అంచు ఉన్న గీత దగ్గర సరిగ్గా ఆగి రంగుల పట్టీ మొత్తం మార్చేస్తారు. పైన మామూలు రంగులు, కింద నీటి రంగులు. మట్టం కదలాలంటే ఏ గీత దగ్గర మార్చాలన్నది ఒక్కటే మారుతుంది.

చెరువుగట్టు
గడియారం, తాళంచెవి... ఈ తేడా నాకు ఇంతవరకు తట్టలేదు అన్నా. నిజమే, నాది తాళంచెవే. కానీ ఊపిరి మీటర్ కూడా పెట్టేశాను. అంటే ఆలోచించమని చెప్తూనే తొందరపెడుతున్నాను. అది తీసి చూస్తాను.

నెమ్మదిగా_ఆడతా
ఊపిరి పూర్తిగా తియ్యకండి, పెంచండి చాలు. మునగడానికి కాస్త వెల ఉండాలి, లేకపోతే నీళ్ళున్నా గాలున్నా ఒకటే అనిపిస్తుంది. మారియో 64లో ప్రాణం మీటరే ఊపిరి మీటర్ కూడా. పైకి తేలితే నిండిపోతుంది, నాణెం తీసుకున్నా కొంచెం వస్తుంది. అది నాకు సరైన కొలత అనిపిస్తుంది.

ప్లాట్‌ఫామర్ కాదు గానీ ఇక్కడ చెప్పకుండా ఉండలేను: 1998 జెల్డా, ఒకరినా ఆఫ్ టైమ్‌లో వాటర్ టెంపుల్. మూడు మట్టాలు, మూడు చోట్ల గోడ మీద గుర్తు ముందు పాట వాయిస్తే నీళ్ళు మారతాయి. నేను నోట్‌బుక్‌లో పేజీకి మూడు నిలువు గళ్ళు గీసి, ప్రతి గదికీ "నీళ్ళు కింద ఉంటే / మధ్యలో ఉంటే / పైన ఉంటే" అని రాసుకుంటూ ఆడాను. అలా రాసినా ఒక తాళంచెవి దొరకలేదు. మధ్య గోపురంలో నీళ్ళు పెంచితే నేల మీది దిమ్మె తేలి పైకి వస్తుంది. అది కూర్చున్న చోట కింద గొయ్యి ఉంటుంది. నేను తేలిన దిమ్మె ఎక్కి పైకి పోయాను గానీ, అది ఖాళీ చేసిన చోటు చూడలేదు. రెండు వారాలు.

2011లో త్రీడీఎస్‌కి (నింటెండో చేతి కన్సోల్) మళ్ళీ తెచ్చినప్పుడు, ఏ మట్టం ఏ దారిలో మార్చాలో గోడల మీద రంగుల గీతలు పెట్టారు. బరువు బూట్లు కూడా మెనూలోకి వెళ్ళకుండా బటన్‌కి పెట్టుకునే వీలిచ్చారు. పజిల్ చెక్కుచెదరలేదు, మారింది మనకి కనిపించేది మాత్రమే. మీ నలుగురు స్నేహితులు ఆగింది ఇలాంటి చోటేనని నా అనుమానం. చక్రం తిప్పినప్పుడు ఏం మారిందో వాళ్ళకి కనిపించిందా?

గెంతుతా_గానీ_ఈదను
నేను వ్యతిరేకంగా ఒక మాట. నాకు మట్టం మారడం ఇబ్బంది కాదు, ఈత ఇబ్బంది. గెంతే ఆటలో చేతికి అలవాటైన బరువు, వేగం ఉంటాయి. నీళ్ళు తగలగానే ఆ చెయ్యి నాది కాకుండా పోతుంది. నలభై నిమిషాలు నేర్చుకున్నదంతా వదిలేసి నెమ్మదిగా తేలాలి. మీ బురుజులో నీటి కింద చెయ్యాల్సిన పని ఎంతుంది? నా సలహా: నీళ్ళని ఈదే చోటుగా కాకుండా, ఎక్కే మెట్టుగా వాడండి. తేలే పెట్టెలు, పడవలు, నీటి అంచు మీంచి గెంతు.

పాతకన్సోల్
మంచి మాట. 2004లో డీఎస్‌కి (త్రీడీఎస్‌కి ముందటి చేతి కన్సోల్) వచ్చిన మారియో 64లో లూయీజీ కాసేపు నీళ్ళ మీద పరిగెత్తగలడు. అప్పుడు నీటి అంచే నేల అవుతుంది. కానీ ఈత పూర్తిగా తీస్తే మాత్రం నేను ఒప్పుకోను. పైన ఈదుతూ కిందికి చూస్తే ఇందాక మనం నడిచిన చోటు కనిపించాలి. సగం ఆనందం అదే.

ఇంకొకటి గుర్తొచ్చింది. మాయం చేసే టోపీ స్విచ్ కోసం అదే ఆటలో కోట చుట్టూ ఉన్న కందకం ఖాళీ చెయ్యాలి. నేలమాళిగలో రెండు స్తంభాలని ఎగిరి కొట్టి కిందికి దించితే నీళ్ళు పోతాయి. మొదటి నిమిషం నుంచి ఈత కొట్టిన కందకం అది! బయటికి వచ్చి ఎండిన కందకంలో నడుస్తుంటే వింతగా ఉంటుంది. ఆ టోపీ 20 సెకన్లే పనిచేస్తుంది. వెట్-డ్రై వరల్డ్ ఊళ్ళో ఆఖరి స్టార్ దాంతోనే తియ్యాలి.

కోడ్‌మడుగు
ఇలాంటి లెవెల్ ఒకటి చేసి, మూడు సార్లు తిరగరాసినవాణ్ణి. నాకు తగిలిన దెబ్బలు చెప్తాను, మీకు పనికొస్తే చాలు.

నీళ్ళు అంటే కోడ్‌లో ఒక దీర్ఘచతురస్రం, దాని పై అంచు ఎత్తు ఒక అంకె. అంకె మార్చడం తేలిక. ఆ అంకె మారుతుండగా అంచు దగ్గర ఉన్న ఆటగాడితోనే చిక్కంతా. నా పాత్ర ఒక ఫ్రేమ్‌లో (తెర మీద ఒక్క బొమ్మ నిలిచే క్షణంలో) "నీళ్ళలో", తర్వాతి ఫ్రేమ్‌లో "గాలిలో" అని వణికేది. ఆ వణుకులో గెంతు బటన్ నొక్కితే ఒక్కోసారి ఈత తన్ను పడేది, ఒక్కోసారి ఏమీ పడేది కాదు. రెండు గీతలు పెట్టుకున్నాక తగ్గింది: ఛాతీ మునిగితేనే నీళ్ళలోకి వెళ్ళినట్టు, నడుము బయటికొస్తేనే వచ్చినట్టు. తేలుతున్నంతసేపు పాత్ర ఎత్తుని నేరుగా నీటి అంచుకే కట్టేశాను.

తేలే పెట్టెల విషయంలో వరస ముఖ్యం. ముందు నీళ్ళు కదలాలి, తర్వాత పెట్టె, ఆఖరున పాత్ర. నేను తలకిందులుగా రాశాను. పెట్టె మీద నిలబడి కిందికి దిగుతుంటే పాత్ర ఒక ఫ్రేమ్ వెనకబడి, కాళ్ళు గాలిలో ఉన్నట్టే లెక్క. గెంతు పడేది కాదు. ఆడేవాళ్ళు తమ వేళ్ళదే తప్పు అనుకున్నారు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే. ఇంకా: పెట్టె పైకప్పుకి ఆనేలోపు ఆగాలి, లేకపోతే మధ్యలో మనిషి నలిగిపోతాడు. చెక్‌పాయింట్‌లో మట్టం కూడా సేవ్ చెయ్యాలి. నాది సేవ్ కాక, మళ్ళీ బతికిన చోటు నీళ్ళ అడుగున ఉండేది.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఇరుక్కుపోవడం. ఒక కాగితం తీసుకోండి. మీ బురుజులో గదులెన్ని? నాకు 14. మట్టాలు 3. అంటే 42 గళ్ళు. ప్రతి గడిలోంచి ఎక్కడికి పోవచ్చో బాణాలు గీయండి. ఏ గడిలో నిలబడినా ఏదో ఒక చక్రం దాకా దారి ఉండాలి. నాకు రెండు గళ్ళలో లేదు. నేను ఎప్పుడూ ఆ వరసలో ఆడలేదు కాబట్టి నాకు తెలియలేదు, అంతే. కొత్తవాళ్ళు మొదటి రోజే అందులో పడ్డారు.

చెరువుగట్టు
కోడ్‌మడుగు గారూ, ఈ కాగితం పని రాత్రే చేశాను. 11 గదులు, 33 గళ్ళు. ఒక గడిలో దారి లేదు! నీళ్ళు మధ్యలో ఉండగా తూర్పు గదిలోకి పడితే పైకి రావడానికి ఏమీ లేదు. అక్కడ ఒక నిచ్చెన పెట్టాను.

కానీ మా వాళ్ళు ఆగింది అక్కడ కాదు. పక్కన కూర్చుని చూశాను ఈసారి. చక్రం తిప్పుతారు, శబ్దం వస్తుంది, తెర మీద ఏమీ కదలదు. నీళ్ళు రెండు గదుల అవతల ఎక్కుతాయి. చక్రం పాడైందనుకుని మళ్ళీ మళ్ళీ తిప్పుతున్నారు. నెమ్మదిగా_ఆడతా అడిగింది సరిగ్గా ఇదే.

నెమ్మదిగా_ఆడతా
అయితే కెమెరాని ప్రతిసారీ అక్కడికి తిప్పి చూపించకండి, రెండోసారికే విసుగొస్తుంది. చక్రాలున్న గదుల్లోనే నీళ్ళు కనిపించేలా చెయ్యండి. కిటికీ గానీ, గోడలో గాజు గొట్టం గానీ. తిప్పినవాళ్ళ కళ్ళ ముందే ఎక్కాలి.

నీలిపరుగు
గోడల మీద మరకలు కూడా. నీళ్ళు చాలాకాలం నిలిచిన గోడకి ఆ ఎత్తున పాచి గీత ఉంటుంది కదా. మూడు మట్టాలకి మూడు గీతలు, ప్రతి గదిలో. ఒక్క అక్షరం రాయకుండానే "నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయి" అని తెలుస్తుంది. గీత కింద ఉన్న పెట్టె తేలుతుందని, గీత పైన ఉన్న అరుగుకి తేలి చేరొచ్చని ముందే లెక్కేసుకోవచ్చు.

చెరువుగట్టు
వారం తర్వాత వస్తున్నాను. చక్రం పక్కన గాజు గొట్టం పెట్టాను, పాచి గీతలు గీశాను, ఊపిరి రెట్టింపు చేశాను. నీళ్ళు ఎక్కడానికి ముందు అర సెకను పట్టేది, ఇప్పుడు మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లు అందరూ గొట్టం వైపే చూస్తున్నారు!

నలుగురిలో ముగ్గురు పూర్తి చేశారు. ఒకరైతే పైమట్టం పెట్టి, పైన ఈదుతూ ఆగి, "ఇందాక నేను నడిచింది ఇక్కడే కదా" అన్నారు. పాతకన్సోల్ అన్నా, మీరు చెప్పిన మాటే, మీ పోస్ట్ వాళ్ళకి చూపించలేదు నేను.

నాలుగో మనిషి మాత్రం ఇరుక్కున్నారు. తేలే పెట్టెని ఈదుతూ తోసుకుంటూ పక్క గదిలోకి తీసుకెళ్ళిపోయారు. మట్టం దించేసరికి పెట్టె అక్కడ అడుగున పడింది. మళ్ళీ తేవడానికి లేదు. కాగితం మీద గదులు, మట్టాలు రాశాను గానీ పెట్టె ఎక్కడుందో రాయలేదు.

కోడ్‌మడుగు
పెట్టెని కూడా లెక్కలోకి తెస్తే గళ్ళు వందలకి పోతాయి, కాగితం చాలదు. గొలుసుతో నేలకి కట్టెయ్యండి. పైకీ కిందకీ తేలుతుంది, పక్కకి పోదు. గొలుసు కనిపించేలా గీయండి.

చెరువుగట్టు
గొలుసు! అవునండీ. ఈ రాత్రికే గీస్తాను.