స్కూల్ డిస్ట్రిక్ట్ హెచ్ఆర్: మంచి టీచర్లు చేజారిపోతున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

మాధవి_హెచ్ఆర్: నమస్తే అండి, అమెరికాలో ఒక పెద్ద సిటీ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్ళని నడిపే సంస్థ) హెచ్ఆర్‌లో ఈ మధ్యే చేరాను, అంతకుముందు ఐటీ రిక్రూటింగ్. మీటింగుల్లో అంతా స్ట్రాటజిక్ హెచ్ఆర్ అంటారు, సీట్లో కూర్చుంటే మాత్రం లైసెన్సు చెకింగ్, జీతాల ఎంట్రీలే పని. మ్యాథ్స్‌కీ స్పెషల్ ఎడ్యుకేషన్‌కీ మార్చిలోనే మంచి అప్లికేషన్లు వస్తాయి, మేం ఆఫర్ ఇచ్చేసరికి ఆగస్టు, అప్పటికి వాళ్ళు పక్క డిస్ట్రిక్ట్‌లో సైన్ చేసేసి ఉంటారు. ఏం చేస్తే మారుతుంది?

పాతప్రిన్సిపాల్: మాధవి గారూ, ఇది మీ ఒక్కచోటే కాదు. 2003లో న్యూ టీచర్ ప్రాజెక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు పెద్ద సిటీ డిస్ట్రిక్టుల్ని చూస్తే 31 శాతం నుంచి 60 శాతం దాకా అభ్యర్థులు మధ్యలోనే తప్పుకున్నారు, ఎక్కువమంది చెప్పిన కారణం ఆలస్యమే. పైగా వెళ్ళిపోయినవాళ్ళ కాలేజీ మార్కులు, చివరికి చేరినవాళ్ళకంటే మెరుగు! ఈ ఆలస్యానికి కారణాలు మూడు: ఉద్యోగం మానేసే టీచర్లు ఆలస్యంగా చెప్పడం, యూనియన్ ఒప్పందం ప్రకారం ఉన్న టీచర్ల ట్రాన్స్‌ఫర్లు ముందు పూర్తవ్వాలనడం, బడ్జెట్ తేలకపోవడం. ఈ మూడిట్లో మొదటిది మీ చేతుల్లో ఉంది. చాలామంది రాజీనామా జూన్ దాకా దాచేది ఎండాకాలంలో హెల్త్ ఇన్సూరెన్స్ పోతుందన్న భయంతో, ముందే చెప్పినా ఆగస్టు దాకా కవరేజీ ఉంటుందని రాసిచ్చి చూడండి, వీలైతే ముందు చెప్పినవాళ్ళకి కొంత డబ్బు కూడా.

శ్రీను_ఎన్‌వై: ట్రాన్స్‌ఫర్ల సంగతీ కదపొచ్చండి, కష్టమే గానీ. న్యూయార్క్‌లో 2005 యూనియన్ కాంట్రాక్టుతో, సీనియర్ అయితే చాలు కోరిన స్కూలుకి మారిపోయే సీనియారిటీ ట్రాన్స్‌ఫర్లు తీసేశారు, టీచరూ ప్రిన్సిపాలూ ఇద్దరూ ఒప్పుకోవాలి. కానీ పోస్టు పోయి ఏ స్కూలూ తీసుకోనివాళ్ళు రిజర్వులో ఉండి పూర్తి జీతం తీసుకున్నారు, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోవాలి.

లక్ష్మి_టీచర్: నియామకం ఒక్కటే చూస్తే ఎలా అండి, చేరినవాళ్ళు నిలవాలి కదా. గేట్స్ ఫౌండేషన్ మొదలుపెట్టిన ప్రాజెక్టులో మూడు డిస్ట్రిక్టులు, కొన్ని చార్టర్ స్కూళ్ళు (ప్రభుత్వ డబ్బుతో విడిగా నడిచేవి) కలిపి 57.5 కోట్ల డాలర్ల దాకా ఖర్చయింది, టీచర్ ఎవాల్యుయేషన్, బోనసులు అన్నీ పెట్టారు, 2018లో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ రిపోర్టు చూస్తే పిల్లల చదువులో అనుకున్న మార్పు రాలేదు. కొత్త టీచర్‌కి అందరికంటే కష్టమైన క్లాసులు అంటగట్టి, పక్కన మెంటర్ కూడా లేకుండా వదిలేస్తే మార్చిలో తీసుకున్నా నిలవదు. ఏ స్కూల్లో ఎవరు ఎందుకు మానేస్తున్నారో మీ దగ్గర లిస్టుందా?

మాధవి_హెచ్ఆర్: లేదక్కా, ఎగ్జిట్ ఫారంలో "వ్యక్తిగత కారణాలు" అని టిక్ చేసి వెళ్ళిపోతారు. ముందు ఆ ఫారం మారుస్తాను, ఇన్సూరెన్స్ లెటర్ గురించి బెనిఫిట్స్ వాళ్ళని సోమవారమే అడుగుతా.