ఎర్ర మట్టి ప్లేటు మీద ఒక్క బాక్టీరియా కాలనీ (గుంపు) కూడా రావట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నా?

విశాఖ_ఎమ్మెస్సీ:
నా ప్రాజెక్టు అల్యూమినా ఫ్యాక్టరీ వ్యర్థంలో (రెడ్ మడ్) బాక్టీరియా మీద. నీళ్లలో కలిపి చూస్తే పీహెచ్ 11.6, అంటే బాగా క్షారం. మామూలు న్యూట్రియంట్ అగార్ (బాక్టీరియాను పెంచే జెల్లీ) మీద వేశా. వారమైంది, ప్లేట్లు అద్దంలా ఉన్నాయి. తర్వాత గ్లూకోజ్, అగార్ ఉన్న మీడియాలోనే సోడియం కార్బొనేట్ వేసి ఆటోక్లేవ్ చేశా (ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపడం). బయటికి తీస్తే డికాక్షన్ రంగు, పైగా గడ్డకట్టలేదు, ప్లేటు వంచితే జారిపోతోంది. గైడ్ గారేమో "అందులో ఏం బతుకుతుందిలే, టాపిక్ మార్చుకో" అంటున్నారు. రివ్యూకి 20 రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

పాత_ల్యాబు:
టాపిక్ మార్చకమ్మా, ఉంటాయి. న్యూట్రియంట్ అగార్ పీహెచ్ 7 దగ్గరిది, సోడాలో పుట్టి పెరిగిన వాటిలో చాలావాటికి అది పడదు. ఇక కార్బొనేట్‌తో కలిపి ఉడికిస్తే అగార్ విరిగిపోతుంది, గ్లూకోజ్ మాడుతుంది. నేనూ ఒకప్పుడు 40 ప్లేట్లు అలాగే పారబోశా. కార్బొనేట్‌ను వేరే ఫ్లాస్కులో 10 శాతం ద్రావణంగా ఆటోక్లేవ్ చెయ్యి. రెండూ వేడిగా ఉండగానే కలిపి, గబగబా పొయ్యి. కలిపాక కార్బొనేట్ 1 శాతం ఉండాలి, పీహెచ్ 10 దాటుతుంది. జపాన్‌లో క్షారంలో బతికే బాక్టీరియా మీద పనిచేసిన హోరికోషి వాడిన మీడియా పద్ధతే ఇది. ప్లేట్లు సంచిలో పెట్టి మూతి కట్టు, లేకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని పీహెచ్ దిగిపోతుంది. పోలికకి మట్టి వేయని ప్లేటు ఒకటి పక్కన పెట్టడం మర్చిపోకు.

అన్నట్టు, సోడియం ఎక్కువున్న చోట పీహెచ్ మీటరులోని మామూలు గ్లాస్ ఎలక్ట్రోడ్ పీహెచ్ తక్కువ చూపిస్తుంది. నీ 11.6 నిజానికి ఇంకాస్త ఎక్కువే కావచ్చు.

షికాగో_శ్రీను:
మా ఊళ్లో కాలుమెట్ సరస్సు దగ్గర ఉక్కు ఫ్యాక్టరీల స్లాగ్ (లోహం తీయగా మిగిలిన వ్యర్థం) పోసిన చోట భూగర్భ జలం పీహెచ్ 12.8 దాకా ఉంది. అందులోనూ బాక్టీరియా దొరికాయి, అయితే డీఎన్ఏ చూసి పట్టుకున్నారు. హైడ్రోజన్ తిని బతికే జాతుల దగ్గరి చుట్టాలు కొన్ని వాటిలో ఉన్నాయి. ప్లేటు మీద రాలేదంటే లేవని కాదు, వీలైతే 16ఎస్ (డీఎన్ఏతో బాక్టీరియా జాతిని గుర్తించే పరీక్ష) కూడా చేయించండి.

విశాఖ_ఎమ్మెస్సీ:
సర్, వాటి కణం లోపల కూడా అంత క్షారమేనా?

పాత_ల్యాబు:
కాదు. బయటికంటే లోపల పీహెచ్ దాదాపు రెండు మెట్లు తక్కువ ఉంచుకుంటాయి. సోడియంను బయటికి నెట్టి, బదులుగా ప్రోటాన్లను లోపలికి లాక్కుంటాయి. అందుకే సోడియం కార్బొనేట్ లేదని పొటాషియం ఉప్పు వెయ్యకు, సోడియందే వెయ్యి.

విశాఖ_ఎమ్మెస్సీ:
ఐదో రోజు. గుండుసూది తలంత కాలనీలు రెండు, లేత పసుపువి. మట్టి వేయని ప్లేటు శుభ్రంగా ఉంది. గైడ్ గారు కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చూసి, "స్ట్రీక్ చేసి (కొత్త ప్లేటు మీద గీసి విడదీసి) మళ్లీ చూపించు" అన్నారు.