అప్‌డేట్: గట్టి గోడల క్యాంపరే ఖాయం చేశాం

మేఘాలయ వానలకీ హిమాచల్‌లోని స్పితి చలికీ తట్టుకునేలా మా పికప్ మీదకి ఏ క్యాంపర్ (బండి వెనక బిగించుకునే, పడుకోవడానికి వీలైన గది) మంచిది, పైకి లేచే గుడ్డ గోడలదా, గట్టి గోడలదా అని అడిగాను కదా. గట్టిదే. తడిసిన గుడ్డని మడతపెట్టి మళ్లీ రాత్రికి విప్పడం మనవల్ల కాదు.

బాలానగర్‌లో ఒక ఫైబర్ షెడ్డులో నమూనా ప్యానెల్ చూశాను. రెండు ఫైబర్ షీట్ల మధ్య ఫోమ్, కోసిన అంచుని గోటితో నొక్కినా లొంగలేదు. చెక్క చట్రం వద్దన్నాను, ఒక్క స్క్రూ దగ్గర నీళ్లు దిగినా కుళ్లేది అదే. అల్యూమినియం చట్రం కుళ్లదు గానీ చలిని నేరుగా లోపలికి తెస్తుంది, ఆ చట్రం గీత వెంబడే చెమ్మ పడుతుంది. అందుకని లోపలివైపు ఫోమ్ పట్టీ వేయిస్తున్నాం.

గ్యాస్ పొయ్యితోనే వెచ్చబెట్టుకుందాం అన్న మా బావమరిది ప్లాన్ కొట్టేశాం. గ్యాస్ మండితే నీటి ఆవిరి లోపలే మిగులుతుంది, కార్బన్ మోనాక్సైడ్ భయం వేరే. పైగా సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరవడమే మానేస్తుంది. డీజిల్ హీటరైతే పొగ బయటికి పోతుంది, వేడి పొడిగా ఉంటుంది. అయినా లోపలి చెమ్మ పోయేలా కప్పు మీద వెంట్ (గాలి కిటికీ) కాస్త తెరిచే ఉంచాలి. మా ఆవిడకి ఇదొక్కటే నచ్చలేదు.

ఇక బరువు. ట్యాంకు నింపి, అందరం కూర్చుని బండిని ధర్మకాటా ఎక్కించాం. ఆర్సీలో రాసిన మొత్తం బరువులోంచి (బండి, మనుషులు, సామాను అన్నీ కలిపి దాటకూడని బరువు) అది తీసేస్తే మిగిలిందే క్యాంపర్‌కీ, నీళ్లకీ, సామానుకీ. ఆ అంకె చూశాక బాత్రూం గది ఎగిరిపోయింది.