ఎక్స్‌పాన్షన్ వెసెల్ పాడైందా, గాలి తగ్గిందా?

మా ఇంటి హీటింగ్ (బాయిలర్‌లో కాగిన నీళ్లు పైపుల్లో తిరుగుతూ గదుల్ని వేడిచేసే సిస్టమ్) చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ గేజ్ 1.2 బార్ చూపిస్తుంది. బాయిలర్ ఆన్ చేసిన అరగంటకి ముల్లు పాకుతూ 3 దగ్గరికి పోతుంది, సేఫ్టీ వాల్వ్ పైపు నుంచి వేడినీళ్లు బొట్లు బొట్లుగా కారతాయి. చల్లారాక చూస్తే ప్రెషర్ దాదాపు సున్నా. మళ్లీ నీళ్లు నింపడం, మళ్లీ అదే కథ.

వేడికి పెరిగిన నీళ్లకి చోటిచ్చేది ఎక్స్‌పాన్షన్ వెసెలే కదా. లోపల రబ్బరు పొరకి ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు గాలి. గాలి వైపు పిన్ను (సైకిల్ ట్యూబుకి ఉండేలాంటిదే) నొక్కి చూశాను. గాలీ రాలేదు, నీళ్లూ రాలేదు. అంటే పొర చిరగలేదనుకోవచ్చా? సిస్టమ్ ప్రెషర్ సున్నాకి దించి, పంపుతో 1 బార్ గాలి కొడితే సరిపోతుందా, వెసెల్ మార్చాల్సిందేనా? ఇన్నిసార్లు తెరుచుకున్న ఆ సేఫ్టీ వాల్వ్ ఇక సరిగ్గా మూసుకుంటుందా అని ఇంకో టెన్షన్.