పాతింట్లో వాషింగ్ మెషిన్ నీళ్లు బాత్రూమ్‌లోకి తన్నుతున్నాయి. పైపు ఒక్కటీ మారిస్తే చాలా?

సత్యనారాయణపురం కోడలు:

అందరికీ నమస్కారం. విజయవాడలో మా మామగారు 1984లో కట్టించిన ఇల్లు మాది. కింద మేముంటున్నాం. 2005లో వేసిన పై అంతస్తులో అద్దెకున్నవాళ్లున్నారు. వెనక వరండాలో బట్టలుతికే బండ, దాని పక్కన ఒక నహానీ, అంటే నేలలో నీళ్లు పోయే జాలీ గుంట, ఉన్నాయి. ఇన్నేళ్లూ సెమీ ఆటోమేటిక్ మెషిన్ నీళ్లు అందులోకే పోయేవి, ఏ ఇబ్బందీ లేదు. మొన్న దీపావళికి ఫ్రంట్ లోడ్ మెషిన్ తీసుకున్నాం. అప్పట్నుంచీ మొదలైంది.

మెషిన్ నీళ్లు వదలగానే గోడకు అవతలున్న బాత్రూమ్ నహానీలో గుడగుడమని చప్పుడొస్తుంది, ఆ వెంటనే జాలీ మీదకి నురగ పొంగుతుంది. అది దిగిపోయాక కంపు మొదలవుతుంది. చీకటి పడితే బొద్దింకలు. జాలీ ఎత్తి టార్చి వేసి చూశాను. ఎప్పుడూ నీళ్లు నిలబడి ఉండాల్సిన గిన్నెలో అడుగు కనిపిస్తోంది. ఒక చెంబు నీళ్లు పోస్తే కంపు ఆగుతుంది, మళ్లీ బట్టలు వేస్తే మళ్లీ మొదటికే.

ఒక ప్లంబర్ వచ్చి యాసిడ్ పోసి వెళ్లారు. నాలుగు రోజులు బాగుంది, అంతే. ఇంకొకాయన వరండా చివర కొంచెం తవ్వి పైపు చూపించారు. రెండంగుళాల ఇనుప పైపు, లోపల తుప్పు గడ్డకట్టి బొటనవేలు పట్టేంత సందే మిగిలింది. మొత్తం పీకేసి పీవీసీ వేద్దామంటున్నారు, అందుకు నేను సిద్ధమే. మురుగు పైపుకి గాలి ఆడేందుకు పెట్టే గాలి పైపు సంగతి అడిగితే మాత్రం అది అపార్ట్‌మెంట్లకేనమ్మా, మామూలు ఇంటికి అక్కర్లేదన్నారు. మా అత్తయ్యగారు ఒప్పుకోవడం లేదు. ఇల్లు కట్టినప్పుడు వెనక గోడకి గాలి గొట్టం డాబా దాటి పైదాకా ఉండేదట. ఇప్పుడది పై అంతస్తు స్లాబు కింద ఆగిపోయి ఉంది, మూతి మీద సిమెంటు పూసేశారు.

ఆ గొట్టానికీ ఈ నురగకీ సంబంధం ఉందా? ఎలాగూ గచ్చు పగలగొడుతున్నాం కాబట్టి ఏమేం చేయించుకోవాలో ఇప్పుడే తెలిస్తే ఒకేసారి చేయిస్తాను.

కాకినాడ పెరడు:

ఇంత ఖర్చెందుకండీ? మెషిన్ పైపు తిన్నగా పెరట్లో కొబ్బరి చెట్టు పాదులోకి వదిలేయండి. మా ఇంట్లో చాలా ఏళ్లుగా అంతే.

రిటైర్డ్ డీఈ, గుంటూరు:

అమ్మా, మీ అత్తగారు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. నేను పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్‌లో పనిచేసి రిటైరయ్యాను. పై అంతస్తు వేసేటప్పుడు కింది ఇంటి గాలి గొట్టాన్ని కోసి మూతేయడం మన ఊళ్లలో ఇంటింటా జరిగే పనే. స్లాబు సెంట్రింగుకి అడ్డమొస్తుంది, మేస్త్రి కోసేస్తాడు, ఇంటివాళ్లకి చెప్పడు. పైపులో నీళ్లు నెమ్మదిగా పోయినంతకాలం ఆ లోటు బయటపడదు. అందుకే మీకు ఇన్నాళ్లూ తెలియలేదు.

సెమీ ఆటోమేటిక్‌లో నీళ్లు వాటి బరువుకి అవే దిగుతాయి. ఫ్రంట్ లోడ్‌లో పంపు ఉంటుంది, అది నీళ్లని తోస్తుంది. తుప్పుతో ఇరుకైన పైపు ఆ తోపుకి నిండా పట్టేస్తుంది. ముందున్న గాలి ఎటూ పోలేక మీ బాత్రూమ్ నహానీలోంచి పైకి తన్నుకొస్తుంది. మీరు విన్న గుడగుడ అదే. తర్వాత ఆ నీళ్ల ముద్ద కిందికి జారిపోతూ వెనకున్న గాలిని లాగుతుంది. పైనుంచి కొత్త గాలి అందదు కాబట్టి నహానీ గిన్నెలో నీళ్లనే లాక్కుపోతుంది. నిండు సీసాని బోర్లించినప్పుడు గాలి లోపలికి దూరితేనే నీళ్లు బయటికొస్తాయి చూడండి, అదే లెక్క.

గిన్నెలో నిలబడే నీళ్లే మీ ఇంటికి తలుపు. 50 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాల లోతు నీళ్లు అక్కడ ఎప్పుడూ ఉండాలి. అవి లేకపోతే బయట మురుగు చాంబర్‌లో గాలి, బొద్దింకలు తిన్నగా మీ బాత్రూమ్‌లోకి వచ్చేస్తాయి. కాబట్టి పైపు ఒక్కటీ మారిస్తే నురగ తగ్గవచ్చు, గిన్నె ఎండిపోవడం ఆగుతుందన్న నమ్మకం లేదు. పైపూ, గాలి గొట్టమూ రెండూ చేయించండి.

యాసిడ్ ఇంక పోయనివ్వకండి. మీ పైపు ఇనుముది, అతుకుల్లో సిమెంటు ఉంటుంది. యాసిడ్ రెండింటినీ తింటుంది. ఆ రోజే ఎవరైనా బాత్రూమ్‌లో బ్లీచింగ్ పౌడర్ చల్లారంటే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసి ఉన్న బాత్రూమ్‌లో అది ప్రాణాంతకం.

మీరు రెండు సంగతులు చూసి చెప్పండి. పైన అద్దెకున్నవాళ్ల స్నానం నీళ్లు ఏ పైపులోంచి దిగుతున్నాయి? మీ వరండా పైపు పెరట్లో ఎక్కడ తేలుతోంది? చాంబర్‌కి ముందు జాలీ ఉన్న చిన్న తొట్టి, అదే గల్లీ ట్రాప్, ఒకటి ఉండాలి.

కాకినాడ మిత్రులకు: సబ్బునీళ్లలో సోడియం ఉంటుంది. రోజూ ఒకే పాదులో పడితే, అందులోనూ నల్లరేగడిలో, నేల గట్టిపడి నీళ్లు ఇంకవు. నిలిచిన నీళ్లలో దోమలు పెరుగుతాయి. మీ ఊళ్లో ఇసుక నేల కాబట్టి నడుస్తోందేమో, బెజవాడ నడిబొడ్డున ఇరుకు పెరట్లో అది కుదరదు.

సత్యనారాయణపురం కోడలు:

చాలా థాంక్స్ అండీ. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే చూశాను. పైవాళ్ల నీళ్లు వేరే పీవీసీ పైపులో పక్క గోడ మీంచి దిగి తిన్నగా చాంబర్‌లో కలుస్తున్నాయి, మా పైపుతో సంబంధం లేదు. మా వరండా నహానీ నుంచి చాంబర్ వైపు 14 అడుగులుంది. మీరు చెప్పిన తొట్టి కనిపించలేదు. అత్తయ్యగారిని అడిగితే, పెరడంతా గచ్చు చేయించినప్పుడు దాని మీద కడప బండ వేసి అంచులు సిమెంటుతో మూసేశారని చెప్పి, చోటు కూడా చూపించారు. బండ మీద తడితే లోపల బోలుగా మోగుతోంది.

రిటైర్డ్ డీఈ, గుంటూరు:

ఇంకేం, దొరికింది. మీ పైపుకి రెండు చోట్ల గాలి ఆడేది. కింద గల్లీ ట్రాప్ జాలీ, పైన గొట్టం మూతి. ఒకటి 2005లో పోయింది, రెండోది గచ్చు చేసినప్పుడు పోయింది. ముందు ఆ కడప బండ లేపించండి. దానికి పెద్ద ఖర్చుండదు. లోపల ఇన్నేళ్ల మడ్డి ఉంటుంది, తీయించి, ఎత్తి శుభ్రం చేసుకునేలా ఇనుప జాలీ పెట్టించండి.

ఇక కొత్త పైపు. షాపులో ఎస్‌డబ్ల్యూఆర్ పైపు అని అడగండి, మురుగునీళ్లకీ వాన నీళ్లకీ వేసే పీవీసీ పైపు అది. దాని మీద ఐఎస్ 13592 అని అచ్చు ఉంటుంది, పక్కనే టైప్ ఏ లేదా టైప్ బీ అని ఉంటుంది. టైప్ ఏ గాలికీ వాన నీళ్లకీ, టైప్ బీ మురుగునీళ్లకీ. గోడ మందం తేడా. చాలామంది డబ్బు మిగుల్చుకోవడానికి అన్నిచోట్లా ఏ వేసేస్తారు, మీరు ఆ అచ్చు కళ్లారా చూసి తీసుకోండి. వరండా నుంచి గల్లీ ట్రాప్ దాకా 75 మిల్లీమీటర్ల టైప్ బీ వేయించండి, గాలి గొట్టానికి 50 టైప్ ఏ చాలు.

వాలు 40కి 1. మీ 14 అడుగులకి నాలుగంగుళాల చిల్లర దిగాలి. గచ్చు తవ్వే ముందే ట్యూబ్ లెవెల్ (నీళ్లు నింపిన గొట్టంతో మట్టం చూడటం) పట్టించి, గల్లీ ట్రాప్ దగ్గర ఆ నాలుగంగుళాలు దొరుకుతున్నాయో లేదో చూడండి. దొరక్కపోతే ట్రాప్ కిందికి దింపుకోవాలి, అది తర్వాత తెలిస్తే చేసిన పనంతా మళ్లీ తవ్వాలి. బాత్రూమ్ పైపు దీనిలో కలిసేచోట టీ వద్దు, వై వేసి నీళ్లు పోయే దిక్కుకి ఏటవాలుగా కలపమనండి. మలుపు ఉన్నచోట డోర్ బెండు పెట్టించండి. బట్టల నూగు ఎప్పటికైనా అక్కడే చేరుతుంది, మూత విప్పి తీసుకోవచ్చు.

మెషిన్ గొట్టాన్ని నహానీ జాలీ మీద పడేయకండి. ఫ్రంట్ లోడ్ గొట్టం చివర నేల మీద ఉంటే, ఒక పక్క నీళ్లు పడుతుండగానే ఇంకో పక్క జారిపోయే ప్రమాదం ఉంది. గోడకి ఆనించి 50 మిల్లీమీటర్ల పైపు ఒకటి నిలబెట్టించండి. దాని అడుగున సొంత ట్రాప్, అంటే నీళ్లు నిలబడే వంపు, ఉండాలి. ఎత్తు మీ మెషిన్ పుస్తకంలో ఇస్తారు, సాధారణంగా రెండడుగుల నుంచి మూడడుగుల మధ్య ఉంటుంది. గొట్టం అందులోకి జానెడు దిగితే చాలు. చుట్టూ సందు ఉండనివ్వండి, గుడ్డలు కుక్కి, సీలెంట్ పూసి బిగించకండి. అక్కడ కూడా గాలి ఆడాలి.

గాలి గొట్టాన్ని ఆ నిలువు పైపు ట్రాప్‌కి దగ్గర్లో, పెద్ద పైపు నడినెత్తి మీంచి తీయాలి. పక్క నుంచి తీస్తే నీళ్లు పోయినప్పుడల్లా మడ్డి అందులోకి ఎక్కి కొన్నాళ్లకి మూసుకుపోతుంది. గోడ బయటికి వచ్చాక నిటారుగా పై అంతస్తు డాబా దాటించండి. డాబా మీద మనిషి తల కంటే ఎత్తులో మూతి ఉండాలి, పైవాళ్ల కిటికీలకీ నీళ్ల ట్యాంకు మూతకీ దూరంగా ఉండాలి. మూతికి కౌల్ (గాలి ఆడే మూత) పెట్టి దోమల మెష్ కట్టండి. మలేరియా సిబ్బంది సెప్టిక్ ట్యాంకు గొట్టాలకి కట్టమనేది అదే.

హన్మకొండ అన్న:

అక్కా, సార్ చెప్పిందంతా కరెక్టే. ఒక్క మాట జాగ్రత్తగా వినండి. మీ పాత గాలి గొట్టం ఏ రంగులో ఉంది? ఇనుముదైతే పర్వాలేదు. బూడిద రంగులో సిమెంటు లెక్క ఉండి, తడితే మొద్దు చప్పుడు వస్తే అది ఆస్‌బెస్టాస్ పైపు అయ్యుండొచ్చు. ఆ రోజుల్లో గాలికీ వాన నీళ్లకీ అవే ఎక్కువ వేసేవారు. దాన్ని గ్రైండర్‌తో కోయనీయొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏండ్ల తర్వాత క్యాన్సర్ వస్తది. పనోళ్లకి ఈ సంగతి తెల్వదు, మూతికి రుమాలు కట్టుకొని కోసేస్తరు. పని చేసేటోళ్ల ప్రాణం కూడా ప్రాణమే కదా. అది గట్టిగా ఉంటే ముట్టుకోకుండా అట్లనే వదిలేసి, పక్కన కొత్త గొట్టం ఎక్కించండి. తీయక తప్పకపోతే నీళ్లు కొట్టి తడిపి, అతుకు దగ్గర విడదీసి, ముక్క ముక్కలు చేయకుండా దింపాలి.

ఇంకోటి. గోడలో బొక్క పెట్టడానికి సుత్తి, ఉలి వద్దు. కోర్ కటింగ్ మెషిన్ కిరాయికి దొరుకుతది, గుండ్రంగా సాఫ్‌గా కోస్తది. పాత ఇటుక గోడ అదిరి పగుళ్లు రావు. బీము మీద మాత్రం ఎట్లాంటి బొక్కా పెట్టనీయకండి.

కాకినాడ పెరడు:

డీఈ గారూ, నేల సంగతి చెప్పినందుకు ధన్యవాదాలు. కోడలు గారూ, మీరు పాత మెషిన్‌లో వాడిన పౌడరే ఇందులోనూ వేస్తున్నారా? ఫ్రంట్ లోడ్‌కి నురగ తక్కువొచ్చే పౌడర్ వేరే ఉంటుంది. మామూలుది వేస్తే డ్రమ్ము నిండా నురగే. ఇంట్లో చిన్నపిల్లల బట్టలు ఉడికించే సైకిల్ వాడుతుంటే అది కూడా ప్లంబర్‌కి చెప్పండి.

సత్యనారాయణపురం కోడలు:

పౌడర్ పాతదే వేస్తున్నానండీ, ఇవాళే మారుస్తాను. పాత గొట్టం బూడిద రంగుదే! దాన్ని కదిలించొద్దని మావారికి చెప్పేశాను. కొత్తది వంటింటి వైపు మూల నుంచి ఎక్కిస్తాం, అక్కడ పైవాళ్ల కిటికీ లేదు. వేడి నీళ్ల సైకిల్ నెలకోసారి దుప్పట్లకి వాడతాం. పీవీసీ తట్టుకుంటుందా? ఇంకొకటి, ప్లంబర్ మిగిలిన ఇనుప పైపు ముక్కకి పీవీసీని సిమెంటు, జనపనార పెట్టి అతికిస్తానంటున్నారు. ఒప్పుకోవచ్చా?

రిటైర్డ్ డీఈ, గుంటూరు:

ఒప్పుకోకండి. ఇనుము, పీవీసీ ఒకేలా వ్యాకోచించవు. సిమెంటు అతుకు ఆ కదలికకి పగులుతుంది, గచ్చు కింద చెమ్మ మొదలవుతుంది. మీకున్నది 14 అడుగులే, ఇనుము ముక్క కూడా మిగలకుండా గల్లీ ట్రాప్ దాకా కొత్త పైపే వేయమనండి. వేడి నీళ్ల విషయం: పీవీసీ 60 డిగ్రీలు దాటిన నీళ్లు రోజూ పోవడానికి చేసింది కాదు. నెలకోసారి దుప్పట్లు 60 దగ్గర ఉతికితే భయం లేదు, 90 డిగ్రీల సైకిల్ మానుకోండి. రబ్బరు రింగు అతుకులు వేయిస్తే పైపు సాగడానికి కాస్త చోటుంటుంది. రింగు ఎక్కించడానికి గ్రీజు రాయనివ్వకండి, రబ్బరు పాడవుతుంది. సబ్బునీళ్లు చాలు.

పని అయిన రోజే గచ్చు వేయనివ్వకండి. గల్లీ ట్రాప్ వైపు చివర ప్లగ్గు బిగించి, నిలువు పైపు నిండా నీళ్లు పోయించండి. బాత్రూమ్ నహానీ తక్కువ ఎత్తులో ఉంటే అక్కడ పొంగుతుంది, దాని మూతికి కూడా ప్లగ్గు ఉండాలి. నీళ్ల మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి గంటసేపు చూడండి. గీత దిగిందంటే అతుకు కారుతున్నట్టు. దిగకపోతే ప్లగ్గులు తీసి, మెషిన్‌లో బట్టల్లేకుండా ఒక సైకిల్ తిప్పండి. స్పిన్ అయ్యేటప్పుడు బాత్రూమ్ జాలీ ఎత్తి టార్చి వేసి గిన్నెలో నీళ్లు చూడండి. అవి కాస్త ఊగి మళ్లీ అదే మట్టానికి వచ్చి నిలబడితే గచ్చు వేయించేయండి, ప్లంబర్‌కి మిగతా డబ్బులు ఇవ్వండి. మట్టం దిగితే గాలి గొట్టం తీసిన చోటు తప్పు, గచ్చు వేయకముందే సరిచేయించాలి.