ఇటీవలి తీర్పులు: మీ కేసుల్లో ఏది పనికొచ్చింది, ఏది రాలేదు?

పల్నాటి_వాడు
"తల్లిదండ్రులను చూడకపోతే రాసిచ్చిన ఆస్తి వెనక్కి తీసుకోవచ్చు, సుప్రీంకోర్టు చెప్పింది" అని టీవీలో విని మా పిన్ని చాలా ఆశపడింది. ఇల్లు కొడుకు పేర గిఫ్ట్ డీడ్ రాసిచ్చింది. ఆ తర్వాత వాడు మందుల చీటీ తీసుకెళ్లడం కూడా మానేశాడు. వృద్ధుల ఫిర్యాదులు వినే ఆర్డీవో గారి ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేశాం. అక్కడ అడిగిన మొదటి మాట: "దస్తావేజులో పోషణ షరతు ఉందా?" మా దస్తావేజులో "నీయందు గల ప్రేమాభిమానాలతో" అని తప్ప ఇంకేం లేదు.

టీవీ చెప్పింది 2025 జనవరి 2 నాటి ఊర్మిళా దీక్షిత్ తీర్పు గురించి. 2007 నాటి వృద్ధుల చట్టాన్ని వాళ్ల మేలు కోరి ఉదారంగా చదవాలనీ, ఇల్లు ఖాళీ చేయించి అప్పగించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందనీ అందులో ఉంది. నిజమే. కానీ ఆ కేసులో చూసుకుంటానన్న మాట కాగితం మీద ఉంది, కొడుకు విడిగా రాసిచ్చిన వాగ్దాన పత్రం కూడా ఉంది. 2022 డిసెంబర్‌లో సుదేశ్ ఛికారా కేసులో అదే కోర్టు, షరతు ఉందని చెప్పి నిరూపించకపోతే ఆ చట్టంలోని సెక్షన్ 23 (చూసుకోకపోతే రాసిచ్చింది రద్దు చేసే సెక్షన్) వర్తించదని చెప్పింది. ఇది ఏ స్క్రోలింగ్‌లోనూ రాదు. మా పిన్నికి నెలనెలా పోషణ డబ్బు ఇమ్మని ఆర్డర్ వచ్చింది, ఇల్లు రాలేదు.

ఇప్పుడు రాసిచ్చే ఆలోచన ఉన్నవాళ్లకు నా మనవి. తిండి, మందులు, ఉండే గది, అన్నీ దస్తావేజులోనే రాయించండి. డాక్యుమెంట్ రైటర్ "అవన్నీ ఎందుకమ్మా, కొడుకే కదా" అంటాడు. వినొద్దు.

మీ అనుభవాలు కూడా చెప్పండి, ఏ రకం కేసయినా సరే.

శ్రీకాకుళం_అక్క
తమ్ముడూ, ఆ చట్టానికి ఇంకో వైపు ఉంది. మా అత్తగారి పేరుతో అదే ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయించి నన్ను ఇంట్లోంచి పంపాలని చూశారు. వేయించింది నా భర్తే. నాకు దారి చూపింది 2020 డిసెంబర్ నాటి ఎస్. వనిత తీర్పు. గృహహింస చట్టం కింద కోడలికి ఉన్న నివాస హక్కును వృద్ధుల చట్టంతో తుడిచిపెట్టలేరు, రెండు చట్టాలనూ కలిపి చూడాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. కాపీ ప్రింట్ తీసి, ఆ పేరాల కింద గీతలు గీసి ఫైల్‌లో పెట్టాను. పెద్దవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల సంతకాన్ని వాడుకునేవాళ్ల గురించే చెబుతున్నా.

పల్నాటి_వాడు
అక్కా, ఈ తీర్పు నాకు తెలియదు. చాలా థాంక్స్. ఇది అందరికీ తెలియాలి.

గోదారి_గట్టు
మాది ఆడపడుచుల వాటా గొడవ. మా మేనమామల మాట ఒక్కటే: "నాన్న 1998లోనే పోయాడు, 2005 చట్టం మీకు వర్తించదు." అంటే కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వాటా ఇచ్చిన హిందూ వారసత్వ చట్ట సవరణ. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో దానికి జవాబు వచ్చింది. కూతురికి హక్కు పుట్టుకతోనే వస్తుంది, ఆ సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదు.

అప్పుడు వాళ్లు తెల్లకాగితం మీద రాసుకున్న పారీఖత్తు (పంపకాల పత్రం) బయటకు తీశారు. ఆ చట్టం ప్రకారం 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకం గానీ, కోర్టు డిక్రీ గానీ ఉంటేనే దాన్ని కదిలించరు. నోటిమాట పంపకాన్ని ఒప్పుకోవాలంటే పబ్లిక్ రికార్డుల్లో గట్టి ఆధారం ఉండాలి. మా అమ్మ తరఫు లాయర్ అడంగల్ (రెవెన్యూ వాళ్ల భూమి రికార్డు) కాపీలన్నీ తెప్పించారు. అన్నీ తాతగారి పేరు మీదే ఉన్నాయి. దావా ఇంకా నడుస్తోంది.

ఒకటి గుర్తుంచుకోండి, ఇదంతా పిత్రార్జితం సంగతి. స్వార్జితానికి తండ్రి వీలునామా రాసి ఉంటే లెక్క మారిపోతుంది.

జూనియర్_వకీలు
క్రిమినల్ వైపు నుంచి రెండు మాటలు. 2025 నవంబర్‌లో మిహిర్ షా కేసులో వచ్చిన తీర్పును అరెస్టు భయం ఉన్న ప్రతి ఇంట్లో తెలుసుకోవాలి. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అరెస్టు చేసే క్షణంలో కుదరకపోతే ముందు నోటితో చెప్పి, మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లడానికి కనీసం రెండు గంటల ముందైనా కాగితం చేతికివ్వాలి. ఇంగ్లిషు రాని మనిషికి ఇంగ్లిషు కాగితం ఇచ్చి సంతకం పెట్టమంటే, ఆ సంగతి రిమాండ్ సమయంలోనే మేజిస్ట్రేట్ గారికి చెప్పండి. ఇది ఆ తీర్పు తర్వాత జరిగే అరెస్టులకు.

రెండోది, బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 35 కింద పోలీసుల ముందు హాజరు కమ్మని ఇచ్చే నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని నోటీసు వచ్చిందని తెలిసీ ఊరుకోకండి, లాయర్‌ను కలవండి.

కొత్త_మెంబర్
మా అన్నయ్యకు యాక్సిడెంట్ అయి ఆరు నెలలు దాటింది. ఆస్పత్రి టెన్షన్‌లో పరిహారం కేసు వేయలేదు. ఇక దారి లేదా?

జూనియర్_వకీలు
ఉందండి. ఆరు నెలల గడువు మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో పెట్టారు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో కేసు నడుస్తోంది. 2025 నవంబర్‌లో మధ్యంతర ఉత్తర్వు ఇస్తూ, గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయొద్దని ట్రిబ్యునళ్లకు చెప్పింది. అది మధ్యంతరమే కాబట్టి తుది తీర్పు దాకా ఆగకండి. ఎఫ్ఐఆర్ కాపీ, గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, బండి ఇన్సూరెన్స్ వివరాలు తీసుకుని ఈ వారమే లాయర్ దగ్గరికి వెళ్లండి. బిల్లులు ఒరిజినల్‌వి ఎవరికీ ఇవ్వొద్దు, ముందు జిరాక్స్ తీయించండి.