డిసెంబరులో క్యారల్ రౌండ్స్ ఆపి ఉపవాస ప్రార్థనలు పెట్టుకుంటే తప్పా?

లాలాగూడ_పాతకాపు
అందరికీ వందనాలు. వచ్చే ఆదివారం మా సంఘ కమిటీలో ఒక ప్రతిపాదన పెట్టబోతున్నాను. ముందు ఇక్కడ మీ మాట విందామని రాస్తున్నాను.

మాది సికింద్రాబాద్ వైపు ఒక పాత తెలుగు సంఘం. డిసెంబరు వచ్చిందంటే యూత్ సెమీ క్రిస్మస్ (పండుగకు ముందే చేసుకునే వేడుక), స్త్రీల సెమీ క్రిస్మస్, సండే స్కూల్ సెమీ క్రిస్మస్. తర్వాత ఏరియాల వారీగా ఇంటింటికీ వెళ్లి పాటలు పాడే క్యారల్ రౌండ్స్, రాత్రి తొమ్మిదికి బయల్దేరితే తెల్లవారుజామున మూడింటి దాకా. 24కి అందరి గొంతులూ పోయి ఉంటాయి. 25 ఉదయం ఆరాధనలో సగం మంది యూత్ కునికిపాట్లు పడుతుంటారు. 31 రాత్రి కొత్త ఏడాదికి ఎదురుచూసే వాచ్ నైట్‌కి వచ్చి, బైబిలు వాక్యం రాసిన వాగ్దాన కార్డు తీసుకుని, కేక్ తిని ఇంటికి పోతాం. ఇంత హడావుడిలో మనిషి దేవుని ముందు నిమ్మళంగా కూర్చున్నది ఎప్పుడో చెప్పండి.

నేను అడిగేది ఇది: ఒక్క ఏడాది క్యారల్ రౌండ్స్ ఆపుదాం. ఆ రాత్రుల్లో ఏడు నుంచి తొమ్మిది దాకా చర్చిలో ఉపవాస ప్రార్థన పెడదాం. వాక్యం, ఒప్పుకోలు, కాసేపు మౌనం, అంతే. మనవి వెస్లియన్ మిషనరీలు నాటిన సంఘాలు. వాచ్ నైట్ ఎలా మొదలైందో గుర్తు చేసుకోండి. ఇంగ్లండ్‌లో కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల కార్మికులు, ఒకప్పుడు శనివారం రాత్రిళ్లు తాగుడులో గడిపినవాళ్లే, మారుమనస్సు పొందాక ఆ రాత్రులు ప్రార్థనలో గడిపారు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ అది చూసి 1740లలో మిగతా చోట్ల కూడా పెట్టించాడు. 1755లో నిబంధన ఆరాధన మొదలుపెట్టాడు. విశ్వాసి తన జీవితాన్ని మళ్లీ దేవుని చేతుల్లో పెట్టే ఆరాధన అది. మన దగ్గర మిగిలింది వాగ్దాన కార్డు. దేవుడు ఈ ఏడాది నాకు ఏమిస్తాడో కార్డు తీసి చూసుకుంటాం. నేను ఆయనకు ఏమిస్తానని మనల్ని అడిగేవారే లేరు.

యూత్_కీబోర్డ్
అంకుల్, వందనాలు. ఏడాదంతా చర్చి గడప తొక్కని కుర్రాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారు. వాళ్లు వచ్చేది క్యారల్స్‌కే. ఇద్దరు అలా వచ్చి బాప్తిస్మం తీసుకున్నారు. మౌన ప్రార్థన అంటే వాళ్లు రారు.

వాక్యం_మాత్రమే
అసలు ప్రశ్నే తప్పు. డిసెంబరు 25న ప్రభువు పుట్టాడని బైబిల్లో ఎక్కడుంది? లూకా 2లో కాపరులు రాత్రివేళ పొలంలో మందను కాచుకుంటున్నారు. తేదీ లేదు, పండుగ చేయమన్న ఆజ్ఞ లేదు. ఆజ్ఞ లేని పండుగలో క్యారల్స్ పెట్టాలా, ఉపవాసం పెట్టాలా అని వాదించుకోవడం దండగ. మా అసెంబ్లీ సంఘంలో ఏ డిసెంబరైనా మామూలు డిసెంబరే. మాకు ప్రతి ఆదివారం రొట్టె విరుచుటే పండుగ.

గన్‌ఫౌండ్రి_విచారణ
నేను కెథొలిక్. బయటి నుంచి చూస్తున్నాను కాబట్టి ఒక మాట. మీ ఇబ్బంది నాకు ఇలా కనిపిస్తోంది: క్రిస్మస్ రాకముందే మీరు క్రిస్మస్ అయిపోగొడుతున్నారు. మాకు 25కి ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. గురువుగారు ఊదారంగు వస్త్రాలు వేసుకుంటారు, మూడో ఆదివారం మాత్రం గులాబీ రంగు. ఆ ఆదివారాల్లో పూజలో మహిమ గీతం పాడం. పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర పాపాల ఒప్పుకోలు, చేసుకోవాలని ఫాదర్‌లు పదే పదే చెబుతారు. అసలు పండుగ 24 రాత్రి మొదలై జనవరిలో ప్రభువు బాప్తిస్మ పండుగ దాకా నడుస్తుంది. మీ దగ్గర 26కే ఇళ్ల మీద కట్టిన స్టార్లు దించేస్తారు. ఉపవాసం వేరుగా కనిపెట్టనక్కర్లేదు, మీ సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) క్యాలెండర్‌లోనూ ఆగమన కాలం ఉంది కదా.

లాలాగూడ_పాతకాపు
క్యాలెండర్‌లో ఉంది సిస్టర్, సంఘంలో లేదు. అయ్యగారు మొదటి ఆదివారం ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు. అదే సాయంత్రం యూత్ సెమీ క్రిస్మస్‌లో కేక్ కోస్తాం.

వాక్యం_మాత్రమే బ్రదర్, తేదీ బైబిల్లో లేదని అందరికీ తెలుసు. క్రీ.శ. 336 నాటికే రోములో డిసెంబరు 25న క్రీస్తు జననాన్ని గుర్తు చేసుకున్నట్టు ఆధారం ఉంది. అర్మేనియా సంఘం జనవరి 6న చేసుకుంటుంది. తేదీ నా ప్రశ్న కాదు.

వాక్యం_మాత్రమే
336 అంటే అపొస్తలులు పోయిన రెండు వందల ఏళ్ల తర్వాత. మీరే ఒప్పుకున్నారు. ఇంగ్లండ్‌లో 1647లో ప్యూరిటన్లనే కట్టుదిట్టమైన ప్రొటెస్టెంట్ల పార్లమెంటు ఈ పండుగను నిషేధించింది. వాళ్లు కూడా బైబిలు చదివినవాళ్లే.

నాచారం_అక్క
రోమా 14 కూడా చదవండి బ్రదర్. ఒకడు ఒక దినాన్ని మంచిదంటాడు, ఇంకొకడు అన్ని దినాలూ సమానమంటాడు, ఎవరి మనసులో వాళ్లు రూఢి చేసుకోవాలని పౌలు రాశాడు. తేదీ సంగతి అక్కడితో వదిలేద్దాం.

లాలాగూడ అన్నా, మీ మాట చదివితే నాకు కష్టంగా అనిపించింది. మెదక్ గుడి ప్రతిష్ఠ జరిగింది 1924 డిసెంబరు 25న. మిషనరీ పాస్నెట్ దొరగారు కరువులో ఆకలితో ఉన్న జనానికి పని కల్పించి, తిండి పెట్టి కట్టించిన గుడి అది. మా తాతమ్మ వాళ్లు ఆ వైపు వాళ్లే. మన పెద్దవాళ్లకు క్రిస్మస్ అంటే సంఘం జనం దగ్గరికి రావడం. మీరు క్యారల్స్ ఆపి అందరినీ చర్చికి రమ్మంటున్నారు. రాత్రి తొమ్మిదికి ప్రార్థన అయితే నాచారం లోపలి గల్లీల నుంచి వచ్చిన ముసలావిడ ఏ బస్సు పట్టుకుని ఇంటికి చేరాలి?

లాలాగూడ_పాతకాపు
ఆటో పెట్టొచ్చు అక్కా. క్యారల్ బస్సుకు పెట్టే డబ్బుతో ఎన్ని ఆటోలైనా వస్తాయి. రావాలన్న మనసు లేకపోతే వంద సాకులు దొరుకుతాయి. మనకు పాటలు కావాలి, స్టార్ కావాలి, ప్లమ్ కేక్ కావాలి. మారుమనస్సు మాట ఎత్తితే మాత్రం బస్సు లేదంటాం.

బోరబండ_సాక్షి
బాగా చెప్పారు. ఇంటి మీద స్టార్ కట్టుకోవడానికే సిగ్గుపడే విశ్వాసులు ఉన్నారు ఈ రోజుల్లో.

పేరు_వద్దు
సిగ్గు కాదు బ్రదర్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మనం క్రైస్తవులమని చెప్పుకుంటే ఎస్సీ హోదా ఉండదు, బీసీ-సీ లోకి వెళ్తాం. మా ఇంట్లో ఒకరి ఉద్యోగం ఆ ఎస్సీ కాగితం మీద నడుస్తోంది. స్టార్ కట్టలేదని విశ్వాసం లేదనకండి. మేం పిల్లలతో ప్రతి రాత్రి తలుపు వేసుకుని ప్రార్థన చేసుకుంటాం. క్యారల్ టీమ్ స్టార్ ఉన్న ఇళ్లకే వెళ్తుంది కాబట్టి మా తలుపు ఎప్పుడూ కొట్టలేదు.

నాచారం_అక్క
లాలాగూడ అన్నా, సాకులన్నారు కాబట్టి చెప్తున్నాను. మాది అద్దె ఇల్లు, రెండో అంతస్తు. ఓనర్ గారు మంచివారే కానీ స్టార్ కట్టొద్దన్నారు, కట్టలేదు. మా ఆయన పోయాక సంఘం నుంచి మా గడప తొక్కింది క్యారల్స్ రాత్రే. పన్నెండు దాటాక పిల్లలు డప్పు కొట్టకుండా మెట్ల మీదే నిలబడి మెల్లగా రెండు పాటలు పాడారు. నా కొడుకు ఆ రాత్రి తర్వాతే మళ్లీ చర్చికి వచ్చాడు. అది మారుమనస్సు కాదా? మీరు చర్చిలో కూర్చుని చేసే మౌనమే ఉజ్జీవమా? అది మాకు ఏ రాత్రి చూసినా ఉన్నదే, ఇల్లంతా మౌనమే.

యూత్_కీబోర్డ్
థ్యాంక్యూ అక్కా.

లాలాగూడ_పాతకాపు
మీ ఇంటికి వచ్చారు, సంతోషం. మా ఇంటికి ఎలా వచ్చారో విను తల్లీ.

మా అమ్మ పక్షవాతంతో మంచం మీద ఉంది. నలభై ఏళ్లు సండే స్కూల్ చెప్పిన మనిషి. క్యారల్ బృందం వచ్చింది. ఒక పాట సగం పాడారు. శాంటా వేషం వేసిన అబ్బాయి చాక్లెట్లు విసిరాడు. ఒకరు కానుక డబ్బు కవర్ అడిగారు, ఇచ్చాను. అమ్మ పాత కీర్తన ఒకటి పాడమని చేత్తో సైగ చేస్తోంది. ‘ఇంకా చాలా ఇళ్లున్నాయి అంకుల్’ అని వెళ్లిపోయారు. తర్వాత జనవరి, ఫిబ్రవరి, ఒక్కరు రాలేదు. మార్చిలో అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. సమాధి కార్యక్రమానికి మాత్రం అందరూ వచ్చారు. ఆ బృందంలో ఒక్కరైనా డిసెంబరంతా మోకాళ్ల మీద ఉండి ఉంటే ఆ సైగ అర్థమయ్యేది. అందుకే ముందు మోకాళ్లు, తర్వాత పాటలు అంటున్నాను.

గన్‌ఫౌండ్రి_విచారణ
అమ్మగారి కోసం ప్రార్థిస్తాను అన్నా.

యూత్_కీబోర్డ్
అంకుల్, సారీ, అది చాలా బాధాకరం. కానీ తప్పంతా మా మీద వేయకండి. లిస్ట్ మేం రాయం, కమిటీ రాస్తుంది. ఏ ఇంట్లో ఎంతసేపు ఉండాలో కూడా వాళ్లే చెబుతారు. పోయిన డిసెంబరులో మా లిస్ట్‌లో రైల్వే గేట్ అవతలి బస్తీ ఇళ్లు లేవు. అడిగితే ‘అక్కడ కవర్లు రావు, టైమ్ వేస్ట్’ అన్నారు. అదే రాత్రి ఒక విల్లాలో భోజనం పెడితే గంటన్నర ఉన్నాం.

బోయిన్‌పల్లి_ట్రెజరర్
వేరే సంఘంలో లెక్కలు చూసేవాడిని, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. క్యారల్ కానుకతోనే 25 మధ్యాహ్నం ప్రేమ విందు, విధవరాళ్లకు చీరలు, పాస్టరుగారి కుటుంబానికి బట్టలు, డేరా, సౌండ్ అన్నీ నడుస్తాయి. కవర్ వచ్చే ఇళ్లకు ముందు వెళ్లడం తప్పే అనిపిస్తుంది, కానీ ఆ డబ్బే బస్తీలో చీర అవుతుంది. క్యారల్స్ ఆపేస్తే ముందు నష్టపోయేది పేదలే. ఉపవాస ప్రార్థనలో కానుక పళ్లెం తిప్పితే ఏమొస్తుందో నాకు బాగా తెలుసు.

నాచారం_అక్క
అయ్యా, నాకూ ఆ చీర ఇచ్చారు. పేరు మైకులో పిలిచి, స్టేజి మీదకు రప్పించి, ఫోటో తీసి ఇచ్చారు. ఆ చీర నాకు అక్కర్లేదు. నా ఇంటికి ఎవరైనా వచ్చి పది నిమిషాలు కూర్చోవాలి. బస్తీ ఇళ్లు వదిలేసి, ఆ ఇళ్ల పేరు మీదే విల్లాల్లో కవర్లు తీసుకోవడం ఏం న్యాయం? యెషయా 58లో దేవుడు తనకు ఇష్టమైన ఉపవాసం ఏదో చెప్పాడు. ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టడం, దిక్కులేని బీదలను నీ ఇంట చేర్చుకోవడం. అందులో లిస్టులూ లేవు, కవర్లూ లేవు. లాలాగూడ అన్నా, మీ అమ్మగారి దగ్గరికి రావాల్సిన మనుషులు ఆ ఏడు నుంచి తొమ్మిది దాకా చర్చిలో కళ్లు మూసుకుని కూర్చుంటే ఆమెకు ఒరిగేదేమిటి?

లాలాగూడ_పాతకాపు
యెషయా 58లో ఉపవాసం రద్దు కాలేదమ్మా, సరి అయింది. దేవుని ముందు కూర్చోనివాడు మనిషి దగ్గర కూర్చోలేడని నా నమ్మకం. ఇంటికి వెళ్లి ప్రార్థన పెట్టుకుందామంటే టీలు, బిస్కెట్లు, ఫోటోలు మొదలవుతాయి, మళ్లీ మొదటికే వస్తాం. ముందు సంఘం ఒక చోట మోకరించాలి.

నాచారం_అక్క
టీ ఇస్తే తప్పేంటన్నా? నేను ఇచ్చేది అదొక్కటే. అది కూడా వద్దంటే మా ఇంటికి రావడం మీకు ఇష్టం లేదనే అనుకుంటాను. మీరు పెద్దవాళ్లు, మీ మీద గౌరవం ఉంది. కానీ ఈ మాటలో మీతో కలవలేను. మోకరించేది మా వంటింట్లో ఎందుకు కాకూడదు?

వాక్యం_మాత్రమే
నా ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. ఆజ్ఞ ఎక్కడుంది?

పేరు_వద్దు
బ్రదర్, విధవరాళ్లను, దిక్కులేని పిల్లలను వారి ఇబ్బందిలో పరామర్శించడమే పవిత్రమైన భక్తి అని యాకోబు 1:27లో ఉంది. ఏ నెలలో అని రాయలేదు.

యూత్_కీబోర్డ్
అక్కా, లాలాగూడ అంకుల్, మాలో ఆరుగురం ఈసారి కమిటీ లిస్ట్ లేకుండా వెళ్లాలని అనుకుంటున్నాం. శాంటా లేదు, డప్పు లేదు, కవర్ తీసుకోం. ఒక రాత్రికి మూడు ఇళ్లే. మంచం మీద ఉన్నవాళ్లు, స్టార్ కట్టలేనివాళ్లు ముందు. అంకుల్, మీరు మాతో వచ్చి పాత కీర్తనలు నేర్పిస్తారా? మాకు రాగాలు సరిగ్గా రావు.

లాలాగూడ_పాతకాపు
బాబూ, నా ప్రతిపాదన మార్చను. రౌండ్స్ ఆపాలి, చర్చిలో ప్రార్థన జరగాలి. అదే పెడతాను. అయితే కవర్ తీసుకోకూడదన్నది రెండో అంశంగా చేరుస్తాను, లిస్ట్ కమిటీ రాయకూడదన్నది మూడోది. మొదటిది ఓడిపోయినా ఆ రెండూ ఓటుకు పెట్టమని పట్టుబడతాను. కీర్తనలు నేర్పడానికి శనివారం సాయంత్రం ఇంటికి రండి. ప్రార్థన చేసుకున్నాకే పాట.

బోయిన్‌పల్లి_ట్రెజరర్
రెండో అంశం మా కమిటీలో అయితే పాస్ కాదు. డేరా వాళ్లకు అడ్వాన్స్ కూడా వెళ్లిపోయింది.

నాచారం_అక్క
పాస్ కాకపోతే ఎవరెవరు చెయ్యి ఎత్తలేదో ఆదివారం సాయంత్రం ఇక్కడ రాయండి అన్నా. పేర్లు వద్దు, ఎంతమందో చాలు. బాబూ, మా ఇంటికి వచ్చేటప్పుడు కింది గేటు తాళం ఉంటుంది, ముందు ఫోన్ చేయండి. టీ మాత్రం తాగి వెళ్లాలి.